పదిహేనో పేరు

మా అమ్మాయి పనిచేసిన కాలేజీలో ఎండాకాలం సెలవులు పిల్లలకే. లెక్చరర్లకు అసలు పని అప్పుడే మొదలయ్యేది. ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి తలా ఒక మండలం పంచుకుని, పాసైన పిల్లల ఫోన్ నంబర్లు పట్టుకుని, ఊరూరా తిరిగి మా కాలేజీలో చేరండని అడగాలి. దాన్ని వాళ్ళు అడ్మిషన్లకు వెళ్ళడం అంటారు. ఏడాదంతా పాఠం ఎంత బాగా చెప్పారన్నది జూన్‌లో ఎవరూ అడగరు. ఎంతమందిని చేర్పించారన్నదే అడుగుతారు.

మా అమ్మాయి చెప్పేది చరిత్ర. బీఏలో చేరేవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. ఆ ఏడు ప్రిన్సిపాల్ గారు తనని గదిలోకి పిలిచి, ఈసారి పదిహేను మంది చేరకపోతే బీఏ హిస్టరీ ఎత్తేస్తామని చెప్పారు. గ్రూపు ఎత్తేస్తే, ఇప్పుడున్న పిల్లలు చదువు ముగించేదాకా ఉంచి ఆ తరవాత తననీ పంపించేస్తారు.

ఆ సాయంత్రం తను వచ్చి ఈ మాట చెప్పేటప్పటికి నేను పెరట్లో చేపలు కడుగుతున్నాను.

"పదిహేను మందేనా? మన పేటలోనే దొరుకుతారు," అన్నాను.

"మన పేటలో బీఏ చదివినదాన్ని నేనొక్కదాన్నే అమ్మా," అంది. అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నేను కడియం దగ్గర ఒక నర్సరీలో ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మొదట్లో కవర్లలో మట్టి నింపేదాన్ని. తరవాత మామిడికి, సపోటాకి అంటు కట్టడం నేర్చుకున్నాను. మా ఆయన మొక్కల లారీల మీద వెళ్ళి దూర రాష్ట్రాల్లో దింపి వస్తుంటాడు. నెలలో సగం రోజులు ఇంట్లో ఉండడు. మా ఇద్దరికీ చదువు లేదు. మొక్కలకు కట్టే పేర్ల చీటీలు నేను తలకిందులుగా కడితే మేస్త్రీ నవ్వి, మళ్ళీ తిప్పి కట్టేవాడు.

మా అమ్మాయి టెన్త్ బాగా పాసయింది. అందరూ సైన్సు చదివించమన్నారు. తను వినలేదు. ఇంటర్‌లో చరిత్ర తీసుకుంది, రాజమండ్రిలో బీఏ చేసింది, యూనివర్సిటీలో ఎమ్మే చేసింది. బీఏలో చేరిన మొదటి ఏడే నాకు తేడా తెలిసింది. అంతకుముందు ఏది చెప్పినా తల ఊపే పిల్ల, ఏది చెప్పినా "అలా అని ఎవరు చెప్పారు? వాళ్ళకెలా తెలుసు?" అని అడగడం మొదలుపెట్టింది. వాళ్ళ మాస్టారు అలా అడగమని నేర్పారట. ఇంట్లో అది భరించడం కష్టం. వంటలో ఉప్పెక్కువైందన్నా సాక్ష్యం అడుగుతుందేమో అని మా ఆయన హాస్యమాడేవాడు.

గుడిలో కూడా అంతే. మేము లూథరన్లం. ఒక ఆదివారం సంఘపెద్ద గారు మా గుడి చరిత్ర చదివారు. ఫలానా దొర గారు ఈ గుడి కట్టారు అని ఉంది అందులో. ఆరాధన అయ్యాక మా అమ్మాయి ఆయన దగ్గరకు వెళ్ళి, "అయ్యగారండి, దొరగారు కట్టించారు సరే. రాళ్ళు మోసిందెవరండి?" అని అడిగింది.

ఆయన నా వంక తిరిగి, "ఏమ్మా, మీ అమ్మాయికి బీఏ గాలి సోకినట్టుంది, ప్రార్థన చేయించండి," అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఇంటికి నడుస్తూ మా అత్తగారి అత్తగారు ఆ రాళ్ళు మోసిందని కాపురానికి వచ్చిన కొత్తలో విన్న మాట తనకి చెప్పాను. అంతవరకూ ఆ మాట చెప్పదగ్గదని నాకు తోచనే లేదు.

ఎమ్మే చివర్లో తను ఒక పెద్ద వ్యాసం రాయాల్సి వచ్చింది. నర్సరీల్లో పనిచేసే ఆడవాళ్ళ గురించి రాస్తానంది. నన్ను కూర్చోబెట్టి ఫోన్లో నా మాటలు పట్టుకుంది. ఎప్పుడు పనిలో చేరావు, ఎవరు నేర్పారు, కడుపుతో ఉన్నప్పుడు ఏం చేశావు, ఇవన్నీ అడిగింది. నేను చెప్పాను. ఆరు నెలల తరవాత అది అట్ట వేసిన పుస్తకమై ఇంటికి వచ్చింది. "నువ్వు ముప్పై నాలుగో పేజీలో ఉన్నావు," అని వేలు పెట్టి చూపించింది. నల్ల గీతలు తప్ప నాకేమీ కనిపించలేదు. చదివి వినిపిస్తానంది. వద్దన్నాను. ఎందుకో, ఒకరు చదివితే వినాలనిపించలేదు.

అప్పటికి నాకు నలభై ఆరేళ్ళు. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక పని మొదలయ్యేలోపు అరగంట ఖాళీ ఉంటుంది. ఆ అరగంటలో, మొక్కల చీటీల వెనక, మా అమ్మాయి రాసిచ్చిన అక్షరాలు దిద్దాను. సాయంత్రం ఇంటికి వచ్చాక తను సరిచేసేది. ఒత్తుల దగ్గర రెండుసార్లు మానేశాను. రెండేళ్ళు పట్టింది. ముప్పై నాలుగో పేజీ చదవడానికి ఒక పూట పట్టింది. అందులో నా మాటలే ఉన్నాయి. ఏడో నెలలో మట్టి తట్టలు మోసి ఒక పిల్లవాణ్ణి పోగొట్టుకున్నానని ఉంది. నేను చెప్పిందే. చెప్పినప్పుడు కళ్ళు తడవలేదు. అక్షరాల్లో చూసినప్పుడు మాత్రం పుస్తకం మూసి, పంపు దగ్గరకు వెళ్ళి చాలాసేపు కాళ్ళు కడుక్కున్నాను.

అందుకే ఆ గ్రూపు పోతుందన్నప్పుడు నాకు ఉద్యోగం ఒక్కటే కాదు, ఇంకేదో పోతున్నట్టు అనిపించింది. తనతో పాటు నేనూ అడ్మిషన్లకు బయలుదేరాను. మే నెలలో లారీల లోడింగు తక్కువ. పైగా చుట్టుపక్కల ప్రతి ఊళ్ళోనూ నాతో పనిచేసిన ఆడవాళ్ళు ఒకరిద్దరు ఉన్నారు. తను స్కూటీ నడిపితే నేను వెనక కూర్చుని దారి చెప్పేదాన్ని.

ఎక్కడికి వెళ్ళినా మాకంటే ముందో, మా వెనకో, ఇంకో కాలేజీ మాస్టారు ఒకాయన వచ్చేవారు. బీకాం కంప్యూటర్స్ ఆయనది. మూడో రోజుకి ఆయన మాకు బాగా తెలిసిన మనిషైపోయారు. ఒక మిట్టమధ్యాహ్నం మామిడి చెట్టు కింద బండి ఆపి, "మేడం గారండి, ఈ వీధి మీరు తీసుకోండి, ఆ వీధి నేను తీసుకుంటాను. ఒకే ఇంటికి ఇద్దరం వెళ్తుంటే వాళ్ళు మంచినీళ్ళు అందించలేక చస్తున్నారండి," అన్నారు. పాపం, ఆయనకీ ముప్పై మంది కావాలట.

ఆయన ఇళ్ళల్లో ఏం చెప్పేవారో మాకు వినబడేది. బస్సు ఉంది, ల్యాబ్ ఉంది, చదువైపోగానే ఉద్యోగం. మా అమ్మాయి చెప్పేది వేరు. ఒక ఇంట్లో తండ్రి, లుంగీ సర్దుకుని, మర్యాదగానే అడిగాడు.

"బీఏ చదివితే ఏం ఉద్యోగం వస్తుందమ్మా?"

"ఫలానా ఉద్యోగం వస్తుందని చెప్పలేనండి. పోటీ పరీక్షలకి పనికొస్తుంది. చదివింది అర్థం చేసుకోవడం, సొంతంగా ఆలోచించడం వస్తాయండి."

"ఆలోచించడం మావోడికి ఇప్పటికే ఎక్కువైపోయిందమ్మా. పొద్దస్తమానం మంచమ్మీద పడుకుని అదే పని," అన్నాడాయన. లోపల్నించి ఆ కుర్రవాడి తల్లి నవ్వు వినబడింది. కుర్రవాడు మాత్రం గుమ్మం దాకా వచ్చి, మా అమ్మాయి చేతిలో కాగితం తీసుకుని చదివి, మళ్ళీ ఇచ్చేశాడు.

బయటికి వచ్చాక నేను తిట్టాను. "కొంచెం అబద్ధం ఆడితే నీ నోరేం పడిపోదు. ఆ మాస్టారు ఆడట్లేదా?"

"ఆడొచ్చమ్మా. రేపు ఆ కుర్రాడు క్లాసులో నా ఎదురుగా కూర్చుంటాడు. అప్పుడేం చెప్పను?"

తనతో చదివినవాళ్ళ సంగతీ నాకు తెలుసు. ఒకతను సచివాలయంలో ఉద్యోగం చేస్తున్నాడు. ఒకమ్మాయి పోలీసయింది. ఇద్దరు భీమవరం దగ్గర రొయ్యల కంపెనీల్లో సూపర్‌వైజర్లు. ఒకతను రాజమండ్రిలో ఇళ్ళకి పార్సిళ్ళు ఇస్తాడు. వాళ్ళు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తే, వాకిట్లో కుర్చీలు వేసుకుని పొద్దుపోయేదాకా ఏదో పుస్తకం గురించి కొట్టుకునేవారు. ఆ పార్సిళ్ళ అబ్బాయే అందరికంటే గట్టిగా మాట్లాడేవాడు. వాళ్ళ ముఖాలు చూస్తే చదువు వాళ్ళకి మంచి చేసిందో చెడు చేసిందో నాకు తేలేది కాదు. ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడడానికి వాళ్ళకి మాటలు ఉండేవి కావని మాత్రం తెలుసు. మా ఇంట్లో నేను అక్షరాలు నేర్చుకున్నాను కాబట్టి కొన్ని మాటలైనా ఉన్నాయి.

అడ్మిషన్లలో ఇంకో పద్ధతి ఉంది. పిల్లలు చేరతామని ఒప్పుకున్న క్షణంలోనే లెక్చరర్లు వాళ్ళ ఒరిజినల్స్ పట్టుకుపోతారు. టెన్త్, ఇంటర్ మార్కుల కాగితాలు, టీసీ. అవి చేతికి వస్తే ఇక ఆ పిల్ల ఎక్కడికీ పోలేదు. ఇంకో కాలేజీ వాళ్ళు వచ్చినా, "ఒరిజినల్స్ ఇచ్చేశామండి," అంటే తిరిగి వెళ్ళిపోతారు. అందరూ చేసేదే. తల్లిదండ్రులు కూడా అదే పద్ధతి అనుకుని తీసి ఇచ్చేస్తారు.

మా అమ్మాయి మాత్రం తీసుకునేది కాదు. "అవి వాళ్ళ కాగితాలు. వాళ్ళ దగ్గరే ఉండాలి. కాలేజీలో చేరే రోజున చూపిస్తే చాలు," అనేది. దాంతో పొద్దున ఒప్పుకున్నవాళ్ళు సాయంత్రానికి ఇంకో కాలేజీలో తేలేవారు. జాబితాలో ఒక పేరు రాస్తే ఒక పేరు కొట్టేయాల్సి వచ్చేది. జూన్ మొదటి వారానికి పదకొండు. రెండో వారానికి పద్నాలుగు. అక్కడ ఆగిపోయింది.

నర్సరీలో నాతో జంటగా పనిచేసే ఒకామె ఉండేది. వరసకి చెల్లెలు కాదు గానీ పదేళ్ళుగా ఒకే గోనెపట్టా మీద కూర్చున్నాం. నేను కొమ్మ చెక్కి అతికిస్తే తను టేపు చుట్టేది. నేను చెల్లీ అనేదాన్ని, తను అక్కా అనేది. చెల్లి కూతురు ఆ ఏడే ఇంటర్ పాసయింది. నెమ్మదైన పిల్ల. సెలవుల్లో మాతో పాటు కవర్లు నింపేది. మా అమ్మాయి నర్సరీకి వస్తే దాని పక్కనే చేరి ఏవేవో అడుగుతుండేది. ఆ పిల్ల కాకినాడలో నర్సింగుకు దరఖాస్తు పెట్టిందని నాకు తెలుసు. సీటు వస్తుందో రాదో ఎవరికీ తెలియదు.

మా అమ్మాయి ఆ పిల్లని అడగలేదు. "దానికి నర్సింగు ఇష్టం. దాన్ని కదపొద్దు," అంది. నేను కదిపాను. పనిలో ఉండగా చెల్లితో అన్నాను.

"సీటు రాకపోతే పిల్ల ఖాళీగా ఉంటుంది. మా అమ్మాయి కాలేజీలో చేర్పించు. మా అమ్మాయే పాఠం చెబుతుంది. ఇంట్లో పిల్లలా చూసుకుంటుంది."

"నర్సింగొస్తేనో అక్కా?"

"వస్తే అప్పుడు చూద్దాం. నేను లేనా?"

"నువ్వున్నావు కాబట్టే," అంది చెల్లి.

మర్నాడు తన ఇంటికి వెళ్ళి ఒరిజినల్స్ అడిగాను. చెల్లి గూట్లోంచి ప్లాస్టిక్ కవరు తీసి, పమిటతో తుడిచి నా చేతిలో పెట్టింది. కూతురు ఏదో అనబోతే, "పెద్దమ్మకిస్తే మన దగ్గరున్నట్టే," అంది. నేను వాటిని తెచ్చి నా రేకుపెట్టెలో, మంచి చీరల కింద పెట్టాను. మా అమ్మాయికి కాగితాల సంగతి చెప్పలేదు. పిల్ల చేరతానందని మాత్రం చెప్పాను.

"నిజంగా అందా? నువ్వు బలవంతం చెయ్యలేదుగా?"

"నీకు అన్నిటికీ సాక్ష్యం కావాలి," అని కసిరాను. తను వెళ్ళి జాబితాలో పదిహేనో పేరు రాసుకుంది. ఆ వారం తను అన్నం బాగా తింది. అద్దం ముందు ఏదో పాట కూనిరాగం తీసింది. నాకది చాలనిపించింది.

తరవాతి మంగళవారం చెల్లి పనికి ఆలస్యంగా, పరుగున వచ్చింది.

"అక్కా, కాకినాడ నుంచి ఫోనొచ్చింది. సీటొచ్చిందట. శుక్రవారం లోపు ఒరిజినల్స్ తీసుకుని రమ్మన్నారు. రాకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తారట."

నేను చేతిలో ఉన్న కొమ్మ చెక్కుతూనే ఉన్నాను. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట నేను ముందుగా అనుకున్నది కాదు. ఇప్పటికీ అదే చెప్పుకుంటాను. కానీ చాలా సులభంగా వచ్చింది.

"కాలేజీలో ఇచ్చేశానే. సోమవారానికి గానీ రావంట."

"మరెలా అక్కా? అమ్మాయిగారికి ఫోన్ చేసి అడగనా?"

"తను మీటింగుల్లో ఉంటుంది. నేనడుగుతాలే."

"అడుగక్కా. నీ మాటైతే వింటారు," అంది. అని టేపు అందుకుని పనిలో కూర్చుంది.

బుధవారం అడిగింది. కాలేజీవాళ్ళు ఇంకా ఏ సంగతీ చెప్పలేదన్నాను. గురువారం, జిరాక్సులైనా ఉన్నాయేమో చూడమంది. అన్నీ కాలేజీలోనే ఉన్నాయన్నాను. ఆ రోజు ఇంటికి వెళ్ళి పెట్టె తీశాను. చీరలు ఎత్తి కవరు చూశాను. పైన ఆ పిల్ల పేరు స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. చదివాను. అప్పుడే మా అమ్మాయి లోపలికి వచ్చి, ప్రిన్సిపాల్ గారు పదిహేను మంది జాబితా చూసి సరేనన్నారని చెప్పింది. నేను పెట్టె మూసేశాను. శుక్రవారం చెల్లి ఏమీ అడగలేదు. సాయంత్రం చేతులు కడుక్కుంటూ, "దానికి రాసిపెట్టి లేదక్కా," అంది. నన్ను అనుమానించి ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆదివారం గుడి అయ్యాక చెప్పుల దగ్గర చెల్లి మా అమ్మాయిని పలకరించింది. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను.

"అమ్మాయిగారండి, రేపైనా కాగితాలు ఇస్తారాండి? సీటు పోయిందనుకోండి. ఉత్తినే, మన దగ్గర ఉంటే మంచిదని."

"ఏ కాగితాలు పిన్నీ?"

"అదేనండి, ఒరిజినల్స్. అక్క మీకు ఇచ్చిందిగా."

మా అమ్మాయి నా వంక చూసింది. "సాయంత్రం ఇంటికి వస్తాను పిన్నీ," అని మాత్రం అంది. ఇంటికి వచ్చాక గుమ్మంలోనే నిలబడి, "ఎక్కడున్నాయి?" అని అడిగింది. నేను పెట్టె వంక చూశాను. అడిగిన కొద్దీ శుక్రవారం గడువు సంగతీ చెప్పేశాను.

దారిలో బతిమాలాను. "కాలేజీలోనే ఉండిపోయాయని చెప్పు. ఎలాగూ సీటు పోయింది. ఇప్పుడు నిజం చెబితే ఎవరికి లాభం?" తను స్కూటీ ఆపి నా మాట పూర్తిగా విని, మళ్ళీ నడిపింది.

చెల్లి కుర్చీ వేసింది. మా అమ్మాయి కూర్చోలేదు. కవరు ఆ పిల్ల చేతికిచ్చి, నిలబడే చెప్పింది. "పిన్నీ, ఇవి కాలేజీకి ఎప్పుడూ రాలేదు. మా అమ్మ పెట్టెలో ఉన్నాయి. శుక్రవారానికి మీకు కావాలని అమ్మకి తెలుసు. నా గ్రూపు నిలబడాలని ఇవ్వలేదు."

నన్ను పక్కన పెట్టుకునే అంది. ఒక్క మాట కూడా మెత్తబరచలేదు. చెల్లి ముందు నమ్మలేదు. "అక్క ఎందుకలా చేస్తుందండి?" అని నా వైపు తిరిగి, "ఏంటక్కా?" అంది. నేను తల దించుకున్నాక నమ్మింది. తిట్టలేదు. ఇంట్లోకి వెళ్ళి స్టవ్ మీద గిన్నె దింపింది. మళ్ళీ బయటికి రాలేదు.

సోమవారం మా అమ్మాయి ఆ పిల్లని తీసుకుని కాకినాడ వెళ్ళింది. సీటు శనివారమే వేరే అమ్మాయికి ఇచ్చేశారు. మా అమ్మాయి వాళ్ళ ముందు కూడా జరిగింది జరిగినట్టు చెప్పిందట. ఏం చేయలేమన్నారు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆ పిల్ల, "పోనీలెండి మేడం, నేను బీఏలోనే చేరతాను. మీ పాఠం నాకు ఇష్టమే," అందట. మా అమ్మాయి వద్దంది. జాబితాలో పదిహేనో పేరు కొట్టేసింది.

అప్పుడు మా ఇద్దరికీ పెద్ద గొడవ అయింది.

"అది చేరతానంటే నీకేంటి అడ్డం? నేను చేసింది తప్పే. కాళ్ళు పట్టుకోమంటే పట్టుకుంటాను. కానీ మిగతా పద్నాలుగు మంది ఏం చేశారు? నీ గ్రూపు పోతే వాళ్ళని తీసుకెళ్ళి బీకాంలో పడేస్తారు. వాళ్ళలో ఒకడు తండ్రితో దెబ్బలాడి మరీ వచ్చాడని నువ్వేగా చెప్పావు?"

"తెలుసు."

"తెలిసి?"

"దానికి వేరే దారి లేకుండా చేసి, అది ఇష్టపడి వచ్చిందని ఎలా రాసుకోనమ్మా?"

"పద్నాలుగు మంది సంగతో?"

తను జాబితా కాగితం మడిచి సంచిలో పెట్టింది. "అది నాకూ తెలియట్లేదు," అంది చివరికి. అంత చదివి తెలియదంటుందేమిటని నాకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆ కోపం లేదు. తెలియదని ఒప్పుకుంటూనే ఆ పని చేయడం తనకి ఎంత కష్టమైందో ఆ రోజు చూడలేకపోయాను.

ఆ తరవాత ఇంకో పేరు కోసం వారం తిరిగింది. ఒక్కతే వెళ్ళింది. నన్ను రమ్మనలేదు. ప్రిన్సిపాల్ గారు మంచాయనే. "ఒక్క పేరుకేముందమ్మా, ఎవరో ఒకరి పేరు రాసెయ్యండి, తరవాత మానేశారని చూపిద్దాం," అన్నారట. తను రాయలేదు. జూలైలో గ్రూపు ఎత్తేశారు. పద్నాలుగు మందిలో తొమ్మిది మంది బీకాంలోకి వెళ్ళారు. ముగ్గురు రాజమండ్రిలో చేరారు. తండ్రితో దెబ్బలాడిన అబ్బాయి ఎక్కడా చేరలేదు. ఇంకొకమ్మాయికి పెళ్ళి చేసేశారు.

పాత పిల్లల చదువు ముగిసేదాకా రెండేళ్ళు మా అమ్మాయి ఆ కాలేజీలోనే ఉంది. చివరి ఏడు క్లాసులో ఆరుగురు. ఒక రోజు టిఫిన్ బాక్సు మర్చిపోతే తీసుకెళ్ళి ఇచ్చాను. కిటికీ దగ్గర నిలబడి విన్నాను. గోదావరి కాలవలు తవ్విన కూలీల గురించి చెబుతోంది. ఆ ఆరుగురూ కదలకుండా వింటున్నారు. పక్క గదిలో కొత్త కంప్యూటర్లకు వైర్లు లాగుతున్న చప్పుడు. తను గొంతు పెంచి చెబుతోంది.

చెల్లి కూతురు మరుసటి ఏడు మళ్ళీ నర్సింగుకు దరఖాస్తు పెట్టింది. ఫారం మా అమ్మాయే దగ్గరుండి నింపించింది. సీటు రాలేదు. ఆ పిల్ల మా నర్సరీలోనే రోజు పనికి చేరింది. చెల్లి వేరే నర్సరీకి మారిపోయింది. గుడిలో కనిపిస్తే, "బాగున్నావా అక్కా," అంటుంది. నేను జవాబు చెప్పేలోపే పక్కకు తిరుగుతుంది. నా కొమ్మలకి ఇప్పుడు టేపు చుట్టేది ఎవరో కొత్తామె.

కాలేజీ నుంచి మా అమ్మాయి వచ్చేసిన నెలకి మా నర్సరీ యజమాని నన్ను పిలిచాడు. "మీ అమ్మాయి ఖాళీగానే ఉందటగా. ఆఫీసులో లారీల కాగితాలు రాసే మనిషి కావాలి. రేపట్నుంచి వచ్చేయమను," అన్నాడు.

"ఆయ్, తననే అడగండి బాబు," అన్నాను. "నేను చెప్పను."

ఆయన అడిగాడు. తను రెండు రోజులు ఆలోచించి ఒప్పుకుంది. ఇప్పుడు ఆ రేకుల ఆఫీసులో కూర్చుని, ఏ లారీలో ఏ మొక్కలు ఎక్కడికి వెళ్తున్నాయో రాస్తుంది. పోటీ పరీక్షలకు చదువుతోంది. చదువుతున్నావా అని నేను అడగను. నా మీద కోపంగా ఉందా అంటే, లేదు. అన్నం పెడితే తింటుంది, జ్వరం వస్తే మందు తెస్తుంది. కానీ ఇదివరకు నాకు చెప్పేవన్నీ ఇప్పుడు చెప్పదు.

మధ్యాహ్నం అన్నాల వేళ చెల్లి కూతురు ఆఫీసు గది దగ్గరకు వెళ్తుంది. మెట్టు మీద కూర్చుని బాక్సు తెరుస్తుంది. మా అమ్మాయి కూడా బయటికి వచ్చి దాని పక్కన కూర్చుంటుంది. ఇద్దరూ తింటూ ఏదో మాట్లాడుకుంటారు. ఒక్కోసారి మా అమ్మాయి చేతులు తిప్పుతూ చెబుతుంటే ఆ పిల్ల తినడం మర్చిపోయి చూస్తుంటుంది. ఒక్కోసారి ఆ పిల్లే ఏదో అడ్డుప్రశ్న వేస్తే మా అమ్మాయి గట్టిగా నవ్వుతుంది. ఆ నవ్వు ఇంట్లో విని చాలా రోజులైంది.

నిన్న నా బాక్సు పట్టుకుని నేనూ అటు వెళ్ళాను. ఏం మాట్లాడుకుంటున్నారో వినాలనిపించింది, అంతే. పది అడుగుల దూరంలో ఉండగా ఆ పిల్ల నన్ను చూసింది. "రండి పెద్దమ్మా," అని జరిగి చోటిచ్చింది. కూర్చున్నాను. మా అమ్మాయి తన పచ్చడి కొంచెం నా అన్నంలో వేసింది. ఎవరూ ఏమీ మాట్లాడలేదు. అన్నం తినేసి, చేతులు కడుక్కుని, పని ఉందని లేచి వచ్చేశాను. మొక్కల వరస మలుపు తిరిగేటప్పటికి వెనక మళ్ళీ మాటలు మొదలయ్యాయి.